కర్త లేని వాక్యము

ఇంటిలో గాజుగ్లాసు పగిలినప్పుడు పసివాడు తల్లితో చెప్పు మాటను మీరందఱును వినియే యుందురు. "పగిలిపోయిందమ్మా" అనును గాని "పగలగొట్టాను" అనడు. వానికి వ్యాకరణము తెలియదు. అయినను నేరము తన మీదికి రాకుండ క్రియాపదమును ఎట్లు మార్చవలెనో ఎవ్వరును నేర్పకయే వానికి తెలిసినది. తల్లి వ్యాకరణములో వానికంటె నొక మెట్టు పైనున్నది. "దానంతటదే పగిలిందా? ఎవర్రా పగలగొట్టింది?" అని యడుగును. ఆమె యడిగినది గ్లాసు వెలను గాదు, కర్తను. సాహిత్యవిమర్శకును రాజకీయవిమర్శకును గూడ ఆ ప్రశ్నయే మొదటి మెట్టని నా యభిప్రాయము. మన వచనకవిత్వమును గూర్చి ఎనుబదియేండ్లకు పైగా వాదములు జరుగుచున్నవి. నేను విన్న వాదములలో ఆ తల్లి యడిగిన ప్రశ్నను అడిగినవారు కానరాలేదు. అందువలననే ఈ వ్యాసము.

మన భాషలో క్రియలు తఱచుగ జంటలుగ నుండును. పగులు, పగులగొట్టు, విరుగు, విరుచు, తెగు, తెంచు, కాలు, కాల్చు, చచ్చు, చంపు. మొదటిదానిలో పని జరుగును. రెండవదానిలో పని చేయువాడుండును. అన్నము మాడిపోయినదనియు పాలు పొంగిపోయినవనియు చెప్పుకొనుటలో దోషమేమియు లేదు. అక్కడ కర్తను దాచుటవలన కలుగు నష్టము ఒక పూట భోజనముతో తీరును. కాని గుడిసె కాలినప్పుడు, మనిషి చచ్చినప్పుడు, ఈ రెండు క్రియలలో దేనిని వాడుదుమన్నది వ్యాకరణవిషయము గాక ధర్మవిషయమగును. వచనకవితయొక్క రాజకీయార్థము దాని వస్తువులో లేదు, దాని నినాదములో లేదు. దాని వాక్యములో నున్నది. ఎవరు చేసిరో చెప్పు ధైర్యమైనను, చెప్పనియ్యని కారణమును బయటపెట్టు నేర్పైనను ఆ వాక్యమున కుండవలెను. రెండును లేనిచో అది పద్యమైనను ఒకటే, వచనమైనను ఒకటే.

మన ప్రాంతమున అమలాపురములోను కొత్తపేటలోను జరుగు సాహిత్యసభలకు ఇరువదేండ్లుగ పోవుచున్నాను. అక్కడ ఈ విషయమై రెండు పక్షములు గలవు. మొదటి పక్షమువారు పండితులు. ఛందస్సు లేనిది కవిత్వమే కాదని వారి సిద్ధాంతము. నేను వారి యొద్దనే చదువుకొన్నవాడను గనుక వారి గ్రంథములతోనే సమాధానము చెప్పుదును. దండి గద్యమును పాదనియమము లేని పదసమూహముగ నిర్వచించి, దానిని కావ్యభేదములలోనే చేర్చెను గాని బయటికి నెట్టలేదు. వామనుడు గద్యమును కవులకు గీటురాయిగ నెన్నెను. బాణుని కాదంబరిలో వృత్తములు కథను నడపుట లేదు. అయినను దానిని కావ్యము కాదని చెప్పగల పండితుని నేనింతవఱకు చూడలేదు. తెలుగున కాకతీయుల కాలమునందే కృష్ణమాచార్యుడు సింహగిరి నరహరిని వచనములతో కొలిచెను. వచనము కవిత్వమగునా యను ప్రశ్నకు మన పెద్దలు ఏనాడో సమాధానము చెప్పియుండగా, నేడు దానిని మరల వేదిక యెక్కించి గంటలకొలది కాలము గడపుట దేనికి? ఆ గంటలలో అడుగవలసిన వేఱొక ప్రశ్న అడుగబడకుండ పోవుటకే యని నాకు అప్పుడప్పుడు సందేహము కలుగుచుండును.

రెండవ పక్షమువారు అభ్యుదయవాదులు. వారి యెడ నాకు ఎక్కువ ప్రేమ గలదు. కావున వారితోనే ఎక్కువ జగడము. 1939లో పఠాభి "ఫిడేలు రాగాల డజన్" ప్రకటించి పద్యరచనను ఎగతాళి చేసెను. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘము పుట్టెను. 1956లో కుందుర్తి "తెలంగాణ" యను వచనకావ్యమును వెలువరించి, 1958లో ఫ్రీవర్స్ ఫ్రంటును స్థాపించి, వచనకవితను ఇంటింటి రచనగ జేయుటకు జీవితమంతయు పాటుపడెను. 1965లో దిగంబరకవులు తమ తొలి సంపుటిని అర్ధరాత్రివేళ నొక రిక్షాకార్మికునిచేత ఆవిష్కరింపజేసిరి. ఇవి సామాన్యములైన సాహసములు గావు. ఆ సాహసములు లేనిచో ఈనాడు మా బడిలోని పిల్లలు కవిత వ్రాయుటకు కలము పట్టియుండరు.

అయితే వారి వెనుక వచ్చినవారు చేసినదేమి? యతిప్రాసలను విడిచి, వానికి బదులుగ పిడికిలిని, సంకెలను, ఎఱ్ఱ సూర్యుని పట్టుకొనిరి. ఉత్పలమాలలో పదవయక్షరమునకు యతి తప్పనట్లే, వీరి కవితలో చివరిపంక్తికి సూర్యోదయము తప్పదు. దిగంబరులయొక్క తిట్టులో మొదట నుండిన వాడి, అనుకరించువారి చేతులలో నరిగి, పెండ్లిపందిటిలో పాడు తిట్లపాట వలె ఎవ్వరికిని కోపము తెప్పించని వేడుకయైనది. ఇంతకంటె పెద్ద దోషము మఱియొకటి గలదు. ఈ కవితలలో అన్ని పాపములకును కర్త యొక్కడే: "వ్యవస్థ". వ్యవస్థ దోచినది, వ్యవస్థ చంపినది, వ్యవస్థ కాల్చినది. ఈ వ్యవస్థ యనువాడు ఏ వీధిలో నుండును? ఏ చేతితో అగ్గిపుల్ల గీచెను? సభలో ఆ కవితను వినుచు చప్పట్లు కొట్టిన పెద్దలలో ఒక్కరికైనను తన చేయి జ్ఞప్తికి వచ్చెనా? పసివాడు గ్లాసు పగిలిపోయినదనెను. వీరు గ్లాసును వ్యవస్థ పగులగొట్టినదనిరి. తల్లి ప్రశ్నకు రెండింటిలోను సమాధానము లేదు.

ఈ చిక్కు మనకొక్కరికే కలిగినది కాదు. 1945లో యుద్ధము ముగిసినప్పుడు జర్మను రచయితలకు ఇది మిక్కిలి ఘోరరూపమున ఎదురైనది. అక్కడి దారుణమును మన యూళ్ల కలహములతో సమానము చేయుట నా యుద్దేశము గాదు. భాష ఎట్లు చెడునో, చెడినదానిని రచయితలు ఎట్లు కడుగ జూచిరో తెలిసికొనుటకే అక్కడికి పోవుచున్నాను. నాజీల కాగితములలో మనుష్యులను చావునకు పంపుటకు "తరలింపు" అని పేరు; చంపుటకు "ప్రత్యేక వ్యవహారము" అని పేరు. విక్టర్ క్లెంపరర్ యను యూదు ఆచార్యుడు, 1935లో విశ్వవిద్యాలయమునుండి తొలగింపబడి, డ్రెస్డెనులో ప్రాణములరచేత బెట్టుకొని బ్రదుకుచు, ఆ పాలకులు ఏ మాటను ఎట్లు వాడుచున్నారో రహస్యముగ దినచర్యలో వ్రాసియుంచి, 1947లో దానినుండి యొక గ్రంథమును వెలువరించెను. విషమును స్వల్పమాత్రలలో మింగినట్లు ప్రజలు ఆ మాటలను మింగిరని ఆయన తాత్పర్యము. మింగినవారిలో దుర్మార్గులే గాక సజ్జనులును గలరన్నది ఆ గ్రంథము చదివినవారికి నిద్రపట్టనియ్యని సంగతి.

అట్టి భాషతో మరల కవిత్వము చెప్పుట యెట్లు? ఆష్‌విట్స్ తరువాత కవిత వ్రాయుటయే అనాగరికమని అడోర్నో 1951లో ప్రకటించిన వ్యాసములో అనెను. గ్యూంటర్ ఐష్ యను కవి వేఱొక దారి పట్టెను. ఇతడు నాజీల కాలమున రేడియోకు రచనలు చేసినవాడే గాని మచ్చలేనివాడు గాడు. యుద్ధానంతరము 1947లో ప్రకటితమైన అతని "ఇన్వెంటూర్" అను కవితలో ఒక యుద్ధఖైదీ తనకు మిగిలిన వస్తువులను, టోపీని, కోటును, క్షౌరపు సామగ్రిని, లెక్కపెట్టుకొనును. అంతే. దేశము లేదు, వీరుడు లేడు, విధి లేదు. అబద్ధమాడి యలసిన భాషచేత మొదట చిన్న చిన్న నిజములు చెప్పించెను. ఇరువదేండ్లు గడచి, గొప్ప పురస్కారములన్నియు వచ్చిన తరువాత, 1968లో అతడు "మౌల్‌వ్యూర్ఫె" అను పేరుతో వచనఖండికలను వెలువరించెను. నేల క్రింద త్రవ్వుకొనుచు పోవు ఒక జంతువు పేరది. అవి అర్థము గాలేదని కొందఱు విసుగుకొనిరి. అధికారమునకు సులభముగ నుపయోగపడు వాక్యమును వ్రాయకుండుటయే ఆ రచన యుద్దేశమని నేను భావించుచున్నాను.

తూర్పుజర్మనీలో రైనర్ కున్‌ట్సె కథ ఇంకను స్పష్టమైనది. అతడు 1976లో "ఆ అద్భుతవత్సరములు" అను నర్థము గల పేరుతో చిన్న చిన్న వచనఖండికలను పశ్చిమజర్మనీలో అచ్చువేయించెను. వానిలో నినాదములు లేవు. బడిపిల్లలు మాటలాడుదురు, ఉపాధ్యాయులు సమాధానములు చెప్పుదురు, అధికారులు ప్రశ్నలు వేయుదురు. ఎవరు ఏమనిరో ఉన్నదున్నట్లు వ్రాసెను. అందుకే అక్కడి రచయితల సంఘము అతనిని వెలివేసెను. మరుసటి యేడు అతడు దేశమే విడిచి పోయెను. పిడికిళ్లతో నిండిన కవిత్వమును ఆ ప్రభుత్వము ఆదరించెను. కర్త తెలియునట్లు వ్రాసిన సాదా వచనమునకు భయపడెను. మన అభ్యుదయమిత్రులు ఈ సంగతిని కొంచెము తీరికగ ఆలోచింతురు గాక.

ఇంక మన యింటికి వత్తము. బోయి భీమన్నగారు 1911లో రాజోలు ప్రాంతమునందలి మామిడికుదురులో జన్మించిరి. వారి "గుడిసెలు కాలిపోతున్నాయి" అను కవితాగ్రంథమునకు 1975లో కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. ఆ గ్రంథములోని విషయమంతయు అటుంచి, దాని పేరులోని క్రియ నొక్కదానిని చూడుడు. కాల్చుట కాదు, కాలిపోవుట. కర్త లేడు. అది గ్లాసు పగులగొట్టిన పసివాని వాక్యమే. మఱి భీమన్నగారును నేరమును కప్పిపుచ్చిరా?

ఇక్కడ మన వ్యాకరణము చెప్పిన సూక్ష్మమొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. స్వతంత్రుడైనవాడే కర్తయని పాణిని మతము. అయితే కర్మయే కర్త వలె కనబడు ప్రయోగ మొకటి గలదు. దానిని కర్మకర్తరి యందురు. అన్నమును ఒకరు వండుచుండగా, అన్నము తనంతట తానే యుడుకుచున్నదని చెప్పుట వంటిది. ఎప్పుడట్లు చెప్పుదుము? ఆ పని మిక్కిలి సులభమైనప్పుడు, ఆ సౌకర్యాతిశయమును తెలుపుటకు, చేయువాని ప్రయత్నమును చెప్పకుండ విడుతుమని వ్యాఖ్యాతలు చెప్పిరి. ఈ లక్షణమును భీమన్నగారి పేరునకు అన్వయించి చూడుడు. ఒళ్లు గగుర్పొడుచును. ఆ గుడిసెలను కాల్చుట ఎంత సులభమైన పనియనగా, కాల్చినవాని పేరు చెప్పవలసిన యవసరమే లోకమునకు తోచలేదు. అవి తమంతట తామే కాలుచున్నట్లు కనబడును. ఊరిపెద్ద మాటలోను, గుమాస్తా కాగితములోను ఈ వాక్యము నేరమును దాచుటకు పనికివచ్చును. కవి దానినే పెఱికి తెచ్చి గ్రంథమునకు పేరుగ నిలిపి, "మీరనుచున్న మాట ఇదియే గదా, ఒకసారి గట్టిగ చదువుడు" అని మన చేతి కిచ్చెను.

అంతమాత్రమే గాదు. గుడిసె గాదు, గుడిసెలు. కాలిపోయినది గాదు, కాలిపోవుచున్నవి. ఒక గుడిసె ఒకనాడు కాలినచో దీపము తగులుకొని యుండవచ్చును. గుడిసెలు ఎల్లప్పుడు కాలుచునే యున్నచో దానికి దీపము కారణము గాదు. ఏకవచనములో ప్రమాదము; బహువచనములో పద్ధతి. పిడికిలి లేకయే, సూర్యుడు లేకయే, రెండు మాటలలో నింత రాజకీయము నిమిడినది. శైలియనగా ఇదియే గాని పంక్తులను విఱుగగొట్టి మెట్లుగ పేర్చుట గాదు.

ప్రకృతియే కర్తగ నిలిచినప్పుడు కవి పని ఇంకను కష్టమగును. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను దీసికొనిపోయెను. 1996 నవంబరు 6నాటి తుపానును మా కోనసీమవారు ఇంకను మఱువలేదు. కొబ్బరితోటలు తోటలుగ నేలవ్రాలినవి. "గాలి కొట్టినది, ఏఱు ముంచినది, మన చేతిలో నేమున్నది?" అని తప్పించుకొనుటకు మనుష్యులకు ఇంతకంటె మంచి సందర్భము దొరకదు. నగ్నముని దివిసీమ యుప్పెనను గూర్చి "కొయ్యగుఱ్ఱం" వ్రాసి, గాలితోను నీటితోను ఆగక, కదలిక లేని ఏలుబడిని కొయ్యగుఱ్ఱముగ మన ముందు నిలిపెను. సముద్రము చేసిన పనినుండి మనుష్యులు చేయని పనిని విడదీసి చూపుట వచనకవితకు తగిన పని.

మఱియొక మెట్టు గలదు. 1985 జూలై 17న కారంచేడులో ఆర్గురిని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనమండ్రను, దళితులైనందున చంపిరి. ఆ తరువాత వచ్చిన కవిత్వములో, 1995లో వెలువడిన "చిక్కనవుతున్న పాట" మొదలైన సంకలనములలో, వాక్యమే మారినది. అంతవఱకు ఇతరుల జాలికవితలలో కర్మగ నుండినవారు "నేను" అనియు "మేము" అనియు కర్తలైరి. ఆ భాషలో మోటుదనమున్నదని మా పండితమిత్రులు ముక్కు విఱిచిరి. స్వతంత్రుడే కర్తయన్న సూత్రమును వల్లెవేసినవారికి, ఒక జనము స్వతంత్రమై కర్తృపదమును పొందుట వ్యాకరణసమ్మతమని తోచకపోవుట వింతగ లేదా?

ఇక్కడ నొక ఆక్షేపణ రావచ్చును. ప్రతి కవితలోను నేరస్థుని పేరు వ్రాయుమందువా, తగవులు పెంచుమందువా యని. నే నట్లనుట లేదు. పేరు తేల్చుట న్యాయస్థానముల పని. సాక్ష్యము లేక యొకని పేరు వ్రాయుట అదియు నన్యాయమే. తెలుగుక్రియలోనే దీనికి మార్గము గలదు. "కాల్చినారు" అన్నప్పుడు ఎవరి పేరును చెప్పలేదు. అయినను చివరనున్న ఆ యొక్క యక్షరములో మనుష్యులున్నారు. "కాలిపోయినది" అన్నప్పుడు మనుష్యులే లేరు. కవి నుండి నేను కోరునది ఆ యొక్క యక్షరమును మాత్రమే.

ఆ యక్షరము వెల ఎంతయో నేను ఆలస్యముగ తెలిసికొంటిని. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడెను. దానికి డాక్టర్ అంబేడ్కర్ పేరు చేర్చుటను వ్యతిరేకించినవారు మే 24న అమలాపురములో గుంపులు గట్టి, ఒక మంత్రి యింటికిని ఒక శాసనసభ్యుని యింటికిని నిప్పు పెట్టిరి, బస్సులను కాల్చిరి. భీమన్నగారి గ్రంథమునకు పురస్కారము వచ్చిన నలుబదియేడేండ్లకు, వారు పుట్టిన సీమలోనే ఇది జరిగెను. జిల్లాకు ఆ పేరు నిలిచినది. కాని ఆ దినములలో మేము ఇండ్లలో, అరుగులమీద, ఉపాధ్యాయుల గదిలో ఏమనుకొంటిమి? అల్లర్లు జరిగినవి. ఇండ్లు దగ్ధమైనవి. పరిస్థితి చక్కబడినది. మూడు వాక్యములు, ఒక్క మనిషి లేడు. చదువుకొన్న మేమందఱమును ఆ పసివాని వలెనే మాటలాడితిమి, మమ్ము నిలదీయుటకు తల్లి యెవ్వరును అక్కడ లేరు.

మరుసటి యేడు నేను పనిచేయు పాఠశాలలో పిల్లల రచనలతో నొక సంచికను కూర్చితిమి. పదవతరగతి బాలిక యొకతె వచనకవిత నొకటి తెచ్చి యిచ్చెను. అందులో అల్లర్ల ప్రసక్తి లేదు. చాలకాలము క్రిందట తన తాతమ్మ గుడిసెకు పట్టిన గతిని, ఆ ముసలమ్మ చెప్పగా విన్నట్లు, నిరాడంబరముగ వ్రాసినది. అందులో "కాల్చినారు" అని యుండెను. ఎవరి పేరును లేదు, ఏ కులము పేరును లేదు. కూర్పు సంఘములో మేము ముగ్గురము. కాలము బాగుగ లేదని ఒకరనిరి. పిల్లల పుస్తకములో ఇట్టివేల యని మఱియొకరనిరి. నేనేమియు ననలేదు, ఎఱ్ఱ కలము నా చేతిలో నుండెను. అచ్చయిన సంచికలో ఆ గుడిసె కాలిపోయినది.

సంచిక చేతికి వచ్చిననాడు ఆ బాలిక నా బల్లయొద్దకు వచ్చి నిలుచుండినది. కోపము లేదు, కన్నీరు లేదు. "దానంతటదే కాలిపోయిందాండీ, మాస్టారూ?" అని యడిగినది. భాష సరళముగ నుండుటకు మార్చితిమని ఏదో చెప్పితిని. ఆమె తల యూపి వెడలిపోయినది. మరల నా కొక్క కవితయు చూపలేదు.

చదువరులారా, మీ యిండ్లలో పిల్లలు కవితలు వ్రాయుచున్నచో ఛందస్సును గూర్చి తొందరపడకుడు, నినాదమును గూర్చి మురియకుడు. క్రియాపదమును చూడుడు. అందులో మనుష్యులుండినచో వారిని తుడిచివేయకుడు. సభలలో కవిత వినునప్పుడును ఆ తల్లి ప్రశ్ననే అడుగుడు. ఆ ప్రశ్నను ఇతరులను అడుగుటకు ముందు నన్ను నేను అడుగుకొనవలసి యున్నది గనుక ఈ వ్యాసమును ఇంతటితో ముగించుచున్నాను. ఆ బాలిక వ్రాసిన మాట మారిపోలేదు. నేను మార్చితిని.